మీ అన్నయ్య కారు పొద్దున్నే కదలాలంటే

మరిదికి వదిన రాసేది,

మీ అన్నయ్య పోయాక నువ్వు తీసుకెళ్లిన కారు పొద్దున్నే స్టార్ట్ కాక ఏడిపిస్తోందని రాశావు. నన్నడుగుతావేం నాయనా, పక్క సీట్లో కూర్చుని "ఇంకెంతసేపు" అని సణిగిన మనిషిని.

చూసింది చెబుతాను. బండి నాలుగు రోజులు కదలకపోతే కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఎండిపోతుంది. బానెట్ ఎత్తితే పెట్రోలు పంపుకి చిన్న మీట ఉంటుంది. అది వేలికి వదులుగా తగిలేదాకా మళ్లీ మళ్లీ నొక్కు. స్టీరింగ్ పక్కనున్న చోక్ పిడి పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ ఒక్కసారే తొక్కి, తాళం తిప్పు. నీలా ఊరికే తొక్కితే పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసిపోతాయి. ఇంజను అందుకున్నాక చోక్ మెల్లగా లోపలికి నెట్టు.

ఇదంతా నాకెలా వచ్చిందా అని రాస్తూ రాస్తూ ఆగిపోయాను. ఆయన రోజూ పైకి చెబుతూ చేసేవారు. తనలో తాను గొణుక్కుంటున్నారనుకుని, "నాకెందుకీ పురాణం" అనేదాన్ని. ఇంజను అందుకోగానే దిగి, నా వైపు తలుపు దగ్గరికొచ్చి, "అటు, స్టీరింగ్ ముందుకి మారతావా?" అనేవారు. నేను ఒళ్లో సంచి తీసేదాన్నే కాదు.

స్టార్ట్ అయితే ఒకసారి ఇటు తీసుకురా. పక్క సీట్లో నువ్వు కూర్చో. తొందరపెట్టకు మాత్రం.

మీ వదిన