మా బాల్కనీ ఎదుట ఆగిన పాత తపాలా భవనాన్ని ముందుకు జరపవద్దని

పురాతన కట్టడాల తరలింపు అధికారిగారి సముఖమునకు

అయ్యా,

విషయం: రోడ్డు వెడల్పు పనికి అడ్డొచ్చిన పాత తపాలా భవనాన్ని ఇనుప పట్టాల మీద కొత్త చోటికి జరుపుతుండగా, గోడల్లో పగుళ్లు కనిపించి అది మా ఇంటి ముందు ఆగిన సంగతి, దానిని అక్కడే ఉంచమని ప్రార్థన.

నేను ఈ వీధి మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకుంటూ, దాని పైఅంతస్తులోనే మా అమ్మతో ఉంటున్నవాడను. సదరు భవనం వల్ల నాకు కలిగిన ఇబ్బందులను ఈ క్రింద మనవి చేసుకుంటున్నాను.

1. వెలుతురు గురించి. దుకాణంలోకి ఎండ రావడం పూర్తిగా నిలిచిపోయినది. చూపు పరీక్షకు పెట్టిన అక్షరాల బోర్డు పట్టపగలు కూడా కనిపించక, కళ్ళు బాగున్నవారు సైతం జోడు కొనుక్కుని వెళ్తున్నారు. దీనిమీద ఫిర్యాదు చేయడానికి మనసొప్పడం లేదు. కనుక ఈ అంశమును తమరు వదిలేయగలరు.

2. బట్టల తీగ గురించి. భవనం బాల్కనీ మా బాల్కనీకి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వచ్చి ఆగినది. మా అమ్మ బట్టలారేసే తీగ తెగినది. గోడల పగుళ్లు కనిపెట్టుకుని ఉండేందుకు తమరు నియమించిన అమ్మాయి, ఆ తీగ రెండో కొసను ఆ భవనం స్తంభానికే కట్టి, "ఇప్పుడు ఆరేసుకోండి పిన్నిగారూ" అన్నది. చారిత్రక స్తంభానికి ప్రస్తుతం నా బనీన్లు వేలాడుతున్నవి.

3. సదరు అమ్మాయి గురించి. ఆమె ప్రతి పగులుకూ అడ్డంగా సన్నని గాజుపట్టీ అతికించి, పొద్దస్తమానం వాటిని చూస్తూ ఉంటుంది. గోడ వెంట్రుకవాసి కదిలినా పట్టీ పగులుతుందట. పగిలితే తమరు స్వయంగా వచ్చి చూసేదాకా భవనాన్ని అంగుళం కూడా జరపకూడదట. గాజు నా దుకాణంలోదే గనుక ఇవన్నీ వినడం నా బాధ్యత అనుకున్నాను. నేను బాల్కనీ మీదుగా టీ గ్లాసు అందిస్తే, ఆమె తరలింపు నియమాలు చదివి వినిపించేది. "తప్పనిసరైతే తప్ప కట్టడాన్ని కదపకూడదు" అని చదివి నా వైపు చూసేది. అయ్యా, అటువంటి నియమం విన్నాక ఎవరికైనా నిద్ర పడుతుందా? మా అమ్మ మాత్రం, "ఒరేయ్, ఆ పిల్ల గోడలో పగుళ్లు చూస్తోందో, మనింట్లో గదులు చూస్తోందో కాస్త కనుక్కో" అంది. నేను కనుక్కోలేదు. ఇంకో టీ గ్లాసు అందించాను.

4. నిన్న ఒక గాజుపట్టీ పగిలినది. నేడో రేపో మళ్ళీ మొదలు కావలసిన తరలింపు పని ఆగినది. నాకు కలిగిన సంతోషం రాతలో పెట్టదగినది కాదు. ఆ ఊపులో ఒక పెద్దాయనకు ఒక కంటికి దగ్గరచూపు అద్దం, రెండో కంటికి దూరపుచూపు అద్దం బిగించి పంపాను. ఆయన నన్ను దీవించి వెళ్ళారు. కానీ రేపు తమరు వస్తున్నారట. తమరు సరేనంటే భవనం కదులుతుంది, ఆమె దాని వెంట వెళ్ళిపోతుంది, నాకు ఖాళీ రోడ్డూ బోలెడు ఎండా మిగులుతాయి. ఆ ఎండ నాకొద్దు.

5. నేను నియమాల ప్రకారమే అడుగుతున్నాను. కట్టడాన్ని దాని పరిసరాల నుంచి విడదీయడం తగదని తమ పుస్తకంలోనే ఉన్నది. పాత పరిసరాలు ఎలాగూ రోడ్డు కిందికి పోయినవి. ఇప్పుడు దాని పరిసరాలు మేమే. మా బాల్కనీ, మా అమ్మ తీగ, నా బనీన్లు, ఆ టీ గ్లాసు.

కావున తమరు దయతలచి భవనాన్ని ఉన్నచోటనే ఉంచవలెనని, అది కుదరనిచో వీలైనంత నెమ్మదిగా జరపవలెనని, అదీ కుదరనిచో ఆమెను ఒక మాట అడిగేందుకు నాకు ధైర్యం మంజూరు చేయవలెనని ప్రార్థన. తమరు ఈ అర్జీని తీరిగ్గా, చాలా తీరిగ్గా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కళ్ళజోళ్ళ దుకాణదారు

తా.క. (వేరే చేతిరాతలో): పై అర్జీని తమకు అందజేయమని నా చేతికే ఇచ్చారు. కవరు అంటించనందున పరిశీలించితిని. పట్టీ గోడ కదిలి పగిలినది కాదు. టీ గ్లాసు అందుకోబోగా నా మోచెయ్యి తగిలి పగిలినది. గ్లాసు కోసం అంత వంగవలసిన అవసరం లేదని కూడా ఒప్పుకొనుచున్నాను. గోడలు భద్రం. భవనాన్ని నిరభ్యంతరంగా జరపవచ్చును. పగలు నేను దాని వెంట ఉంటాను, సాయంత్రం ఇక్కడికే వస్తాను. అర్జీదారు అడగవలసిన మాట ఇందాక వారి అమ్మగారే నన్ను అడిగేశారు. కనుక రెండో అంశంలో 'పిన్నిగారూ' అని ఉన్నచోట 'అత్తయ్యగారూ' అని దిద్ది చదువుకోవలెను.

పగుళ్ల పరిశీలకురాలు