మరొకటి లేని సంచి

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం కులాసా, మీ అక్క మోకాలు తప్ప.

ఈ పార్సెల్లో ఒక వీపు సంచి పంపుతున్నాను. ఊళ్ళు తిరిగే పాత సామాను వాడి బండిలో, విరిగిన కుర్చీ కింద దొరికింది. ఏ మహామూర్ఖుడు పారేశాడో గాని, వాడూ వాడి పిల్లలూ చల్లగా ఉండాలి. సిపాయిల వీపు సంచులు నా దగ్గర చాలానే ఉన్నాయని నీకు తెలుసు. అన్నిటికీ బకిలు కుడివైపు, లూపులు రెండు, లోపల సర్కారు ముద్ర. దీనికి బకిలు ఎడమవైపు, లూపులు మూడు, ముద్ర లేదు, కొలతా కాస్త చిన్నది. నేను వాచీలు బాగుచేసే రోజుల్లో కంటికి తగిలించుకున్న భూతద్దం ఇంకా ఉంది. (ఒకసారి అది తీయడం మరిచి బస్సెక్కితే, పాపం ఏం జబ్బోనని ముగ్గురు లేచి సీటిచ్చారు. ఆ కథ మరోసారి.) దానితో చూసి చూసి తేల్చాను: సైన్యం పరీక్ష కోసం కుట్టించి, ఎందుకో వద్దనుకున్న నమూనా ఇది. ప్రపంచంలో ఇలాంటిది మరొకటి లేదు. మూడో లూపు జెండా కర్ర కోసమని నా నిశ్చయం.

వచ్చే నెల మొదటి ఆదివారం మా సేకర్తల సంఘం మా ఇంటికొచ్చి దీన్ని పరీక్షిస్తుంది. నెగ్గితే సంఘం హాల్లో గుమ్మానికెదురుగా ఉన్న అద్దాల బీరువా దీనిది. ఓడితే అందులో టోపీల డాక్టరు టోపీ కూర్చుంటుంది. ఆయన పళ్ళ డాక్టరు, సిపాయి టోపీలు పోగేస్తాడు. నావన్నీ గోనెసంచులని ఏళ్ళ తరబడి అంటున్నాడు. ఈసారీ ఆయన మాటే నిలిస్తే నేనిక సంఘం గడప తొక్కలేను.

భుజం పట్టీ దగ్గర నాలుగు కుట్లు ఊడాయి. అవి వేసి పంపు. ఇది నమూనా, మరిచిపోకు.

మీ బావ

తా.క. దీన్ని మీ అక్కను ముట్టుకోనివ్వలేదు, ముట్టుకుంటాననీ అనలేదు. వాసనకు జడిసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చరిత్రకు ఆ మాత్రం వాసన ఉంటుంది.

*

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. తమరు పంపిన నమూనా అందింది. ఇన్నేళ్ళకు మా సంచుల దుకాణం మీద దయ కలిగింది, సంతోషం. వెంటనే కుట్లన్నీ విప్పించి, ముక్కలు పరిచి, అట్టల మీద కొలతలు గీయించాను.

ప్రపంచంలో ఇలాంటిది మరొకటి లేదని మీరు రాసింది చదివి మనసు కలుక్కుమంది. నేనుండగా మీకా లోటేమిటి? రెండు డజన్లు కోయించాను. దీన్ని ఎవడు కుట్టాడో గాని తప్పుల తడక. బకిలు ఎడమవైపు పెట్టాడు, పనికిరాని లూపొకటి అదనం. మనవాటిలో అవన్నీ దిద్దించాను.

మీ బావమరిది

తా.క. అక్కకు చెప్పండి, బట్టల సోడాలో ఉడకబెట్టించాను. చరిత్ర పూర్తిగా పోయింది.

*

బావమరిదికి,

ఆశీస్సులు ప్రస్తుతానికి నా దగ్గరే ఉంచుకున్నాను.

నాలుగు కుట్లు వేయమంటే ఉన్నవన్నీ విప్పుతావా? గోరు తీయమంటే వేలు తీసినట్టుంది నీ వరస. ఆ సంచి శత్రువుకు చిక్కినా ఇంత హాని జరిగేది కాదు. శత్రువు ఉడకబెట్టడు.

ముక్కలన్నీ ఏరి, పాత కన్నాల్లోనే దారం పోనిచ్చి, ఉన్నది ఉన్నట్టు కుట్టించు. బకిలు ఎడమవైపే. లూపులు మూడూ ఉండాలి. పాతదనం చెక్కుచెదరకూడదు. ఇంకొక్క తప్పు దిద్దావంటే మన మధ్య మాటల్లేవు.

మీ అక్క భర్త

తా.క. మీ అక్క నీ వైపే మాట్లాడుతోంది. మీ ఇంటివాళ్ళందర్నీ ఒకే అట్ట మీద గీసి కోశారు.

*

బావగారికి,

నమస్కారం. పెద్దవారు కాబట్టి చేతులు కలిపాను, మనసు కలపలేదు.

మా పనిలో నమూనా అంటే చూసి కుట్టేది. దాచుకునేదాన్ని పాత సంచి అంటాం. ఆ ముక్క రాసి ఉంటే పట్టీ కుట్టి మర్నాడే పంపేవాణ్ణి. నన్ను శత్రువుతో పోల్చి, పైగా శత్రువే నయమన్నారు. సరే.

ఆజ్ఞ ప్రకారం మీది పాత కన్నాల్లోనే కుట్టించాను. మళ్ళీ మాట పడకుండా మిగతా ఇరవైనాలుగింటికీ బకిలు ఎడమకు మార్పించి, మూడో లూపు తగిలించాను. పాతదనం మీద మీకు అంత పట్టింపు కనుక, ఇరవై అయిదింటినీ టీ డికాషన్‌లో నానబెట్టి, బండకేసి రుద్దించి, ఒకే మూటగా పంపుతున్నాను. ఇక వంక పెట్టండి చూద్దాం.

మీ భార్య తమ్ముడు

తా.క. మీదేదో తెలియడానికి దాని మీద సుద్దతో గుర్తు పెట్టించాను. డికాషన్‌లో వేసే ముందే.

*

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు, పోయినసారి ఆపినవాటితో సహా.

ఆదివారం సంఘం వచ్చేసరికి ముందుగది నిండా సంచులు పరిచి, కంటికి భూతద్దంతో నేను వాటి మధ్య పాకుతున్నాను. ఏది ఏదో తెలిస్తే ఒట్టు. టోపీల డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏం వాచీలాయనా, మరొకటి లేనివి ఇన్ని ఉన్నాయా?" అన్నాడు. సంఘం అధ్యక్షుడు దగ్గు తెచ్చుకుని నవ్వు దాచుకున్నాడు. తల తీసేసినట్టయింది నాకు.

అప్పుడు మీ అక్క టీ కప్పులతో వచ్చింది. వాసన పోయింది గదా, మొదటిసారి దగ్గరికొచ్చి వంగి చూసింది. కప్పులు కింద పెట్టి, ఒక్కో సంచి అడుగున మూలలో వేలు పెట్టి వెతికి, ఒకటి ఎత్తి పట్టుకుంది.

"ఇది నా బడి సంచి కదండీ," అంది. "ఈ కన్నం నా పెన్సిలు పొడిచిందే."

తర్వాత చెప్పింది. సైన్యానికి నమూనా ఒకటి కావాలంటే మీ నాన్నగారు కుట్టారట. కొలతకు సిపాయి ఎవడూ దొరక్క కూతురి వీపుకే కొలిచారు. ఆవిడది ఎడమచేతి వాటం గనుక బకిలు అటు పడింది. సైన్యంవాళ్ళు ఇది సిపాయికా, పసిపిల్లకా అని తిప్పి పంపితే ఆవిడకే ఇచ్చేశారు. అనుమానం తీరక డాక్టరు గునిశాడు. మీ అక్క సంచి వీపున తగిలించుకుని, చెయ్యి వెనక్కి పోనిచ్చి, ఎడమచేత్తో చూడకుండానే బకిలు పెట్టేసింది. సంఘం లేచి నిలబడి ఒప్పుకుంది: అసలు సిసలు నమూనా. నేను చెప్పిందంతా నిజమే, జెండా కర్ర తప్ప. మూడో లూపు గొడుగు కోసమని ఆవిడ అడిగి వేయించుకున్నదట.

సంచి అన్నాళ్ళూ మీ అటక మీదే ఉండేదట. పోయినేడు అటక దులిపించి పాత సామాను వాడికి వేసింది తమరేనట. మహామూర్ఖుడని రాశాను, ఆ మాట వెనక్కి తీసుకోను. కన్నతండ్రి పనిని తప్పుల తడకన్నావు, దానికి వేరే మాట వెతుకుతున్నాను.

ఇంతా చేసి అద్దాల బీరువా ఖాళీగానే ఉంది. నా సంచి దాచడానికి వాళ్ళెవరంటుంది మీ అక్క.

మీ బావ

తా.క. మిగతా ఇరవైనాలుగూ సంఘంవాళ్ళు పట్టుకుపోయారు, మొదటిది డాక్టరే. ఇంకో డజను కావాలట. కొలతలకు నీ అట్టలు చూసుకో. నమూనా పంపమని మాత్రం రాయకు, అది కూరగాయలకు వెళ్ళింది.