తొమ్మిదో బోరు నీళ్లు

సెప్టెంబరు 9, మంగళవారం, ఉదయం పదిన్నర.

చిరంజీవి పిచ్చుకకు అమ్మమ్మ దీవెనలు.

క్షేమ సమాచారం ముందు రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ అమ్మ బాగుంది. కుడి మోకాలు మినహా నేనూ బాగున్నాను. వెనక గదిలో గోడ చెమ్మ కిందటి నెలకన్నా రెండంగుళాలు పైకెక్కింది. పెన్సిలుతో గీత పెట్టాను. నీ పద్నాలుగు పేజీల ఉత్తరం శుక్రవారం అందింది. నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు సంతోషంతో కాదు.

ఫోను చేయకుండా ఉత్తరమెందుకు అంటావేమో. ఫోనులో నువ్వు నన్ను వాక్యం పూర్తి చేయనివ్వవు. ఇది మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టగలిగే సంగతి కాదు. ఇప్పుడే ఎందుకంటే, నిన్న పొద్దున పంపు మేస్త్రి వచ్చాడు. మన గని మూతపడి ఆరేళ్లయినా, అడుగున నీళ్లు నిండకుండా పంపులు నడుపుతున్నది ఇతనే.

"అమ్మగారూ, ముప్పయ్యో తారీకున పంపులు ఆపేస్తున్నారండి. కాగితం వచ్చేసింది" అన్నాడు గుమ్మంలోనే.

"చెప్పులు విప్పి లోపలికి రా. ఎన్ని గంటలకు ఆపుతారు?"

"చూశారా! ఈ మాట విని అందరూ అయ్యో అన్నారు. మీరొక్కరే టైమడిగారు."

"ఎన్ని గంటలకు?"

"సాయంత్రం నాలుగింటికండి. మూడు వారాల్లో అడుగు అంతస్తు మునిగిపోతుంది. ఆ తర్వాత మీ తొమ్మిదో బోరును చేపలే చూడాలి."

"అక్కడ చేపలు బతకవు."

"మీ దగ్గర హాస్యమాడాలన్నా కొలిచి ఆడాలండీ బాబూ" అని కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ముప్పయ్యో తారీకు దాటితే నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసే దారి ఉండదు. అందుకే అది దాటకముందే రాస్తున్నాను.

ఇక నీ ప్రశ్నలు.

మొదటిది, నీ పరిశోధన నాకు అర్థమైందా అని. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాశావు. కానీ నేను ముప్పయ్యొక్క ఏళ్లు గని ప్రయోగశాలలో నీళ్లు పరీక్షించినదాన్ని. నాకు ఒలవక్కర్లేదు. నా మాటల్లో చెబుతాను, తప్పుంటే దిద్దు. భూమిలో మూడు కిలోమీటర్ల లోతున వెలుతురు లేదు, గాలి లేదు, కుళ్లి ఎరువయ్యే ఆకూ అలమూ లేవు. అయినా రాతి పగుళ్లలోని నీళ్లలో సూక్ష్మజీవులున్నాయి. రాయిలో అతి కొద్దిగా ఉన్న యురేనియం నుంచి వచ్చే కిరణాలు నీటిని విడగొడతాయి. అలా పుట్టిన హైడ్రోజనే వాటి తిండి. ఊపిరికి మనం ఆక్సిజన్ వాడితే అవి రాతి నుంచి కరిగిన సల్ఫేటును వాడతాయి. ఒకదాని ఎలక్ట్రాన్లు తీసి రెండోదానికి ఇవ్వడం, మధ్యలో దక్కిన పిసరంత శక్తితో ప్రాణం నిలబెట్టుకోవడం. సముద్రగర్భంలో వేడినీటి ఊటల దగ్గర ఉండేవాటికి ఇది నిత్యం విందట. మన గనిలో వాటికి ఎప్పుడూ కరువే. ఒకటి రెండుగా మారడానికి వందల ఏళ్లు పట్టవచ్చన్నావు. ఆ వాక్యం దగ్గర కళ్లజోడు తీసి పక్కన పెట్టాను.

రెండోది, సీసాలు ఎలా నింపేవాళ్లమని. తొమ్మిదో బోరంటే అడుగు అంతస్తులో సొరంగం చివర, రాతిగోడలోకి అడ్డంగా తొలిచిన రంధ్రం. లిఫ్టు దిగిన చోటి నుంచి 1,840 మీటర్లు నడవాలి. అక్కడ గాలి వేడి 46 డిగ్రీలు, నీటి వేడి 54. గొట్టాన్ని సీసా అడుగుదాకా దించి, సీసా మూడుసార్లు నిండి పొర్లేదాకా ఆగాలి. ఆ తర్వాత సీసా బకెట్టు నీళ్లలో మునిగి ఉండగానే రబ్బరు మూత బిగించాలి, గాలి చొరబడితే వాయువు లెక్క తప్పుతుంది. గనిలో మండే వాయువు ఎంత ఊరుతోందో చూడటానికి నెలకొక సీసా. సూక్ష్మజీవుల ఊసు మాకప్పుడు తెలియదు. నీళ్లు పట్టేది మీ తాతయ్య, పరీక్షించి రిజిస్టరులో సంతకం చేసేది నేను.

మూడో ప్రశ్నను నువ్వు మర్యాదగా అడిగావు. గని ప్రయోగశాలలో భద్రంగా ఉండి నీకిచ్చిన ఆనాటి పదకొండు సీసాల్లో ఏడింటి ఉప్పదనం ఇప్పుడు లీటరుకు 900 మిల్లీగ్రాములే ఉంది, రిజిస్టరులో మాత్రం 6,200 అని ఉంది, మీ పరికరం తప్పు చూపి ఉంటుందా అమ్మమ్మా, అన్నావు. ఆ ఏడింట్లోనే సూక్ష్మజీవులు దండిగా ఉన్నాయని, అవి హైడ్రోజన్‌తో పాటు కుళ్లిన కర్రలోంచి వచ్చేలాంటి ఆమ్లాన్ని కూడా తింటున్నాయని, అంత లోతున ఆ ఆమ్లం ఎక్కడిదో అంతుచిక్కక మీ ప్రొఫెసరుగారు దాన్ని కొత్త శక్తి మార్గమంటున్నారని రాశావు. వచ్చే నెల పదో తారీకున ప్రకటిస్తారనీ, ఆ జీవికి తాతయ్య పేరు పెడుతున్నాననీ కూడా.

నా పరికరం తప్పు చూపలేదు. ఆ ఏడు సీసాలు తొమ్మిదో బోరువి కావు. లిఫ్టు దిగిన చోట పంపు గుంట ఉండేది. గనిలో వాడిన నీళ్లన్నీ అందులోకే చేరేవి. సొరంగాల కప్పుకు ఊతంగా పెట్టి తీసేసిన పాత దుంగలు అందులో పడి కుళ్లుతుండేవి. నీ ఆమ్లం అక్కడిది.

మీ తాతయ్య చనిపోయిన సంవత్సరం, మార్చి సీసా బల్ల మీదికి వచ్చిన రోజే నాకు తెలిసిపోయింది. ఉప్పదనం 912. ఎదురుగా మీ తాతయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. రాతి దుమ్ము అప్పటికే ఆయన ఊపిరితిత్తులను సగం తినేసింది.

"ఏం మేడంగారూ, పాసయ్యానా?" అన్నాడు.

"పాస్" అన్నాను.

ఆయన నవ్వి, "నీ నోట ఆ మాట రావాలంటే ముహూర్తం చూసుకు రావాలి" అన్నాడు. వెళ్తూ తలుపు పట్టుకుని రెండు నిమిషాలు నిలబడ్డాడు, దగ్గు ఆగడానికి.

రిజిస్టరులో 6,210 అని రాశాను. ఏప్రిల్లో 6,185. మే నెలలో 6,230. ఒకే అంకె వేస్తే అనుమానం వస్తుందని ప్రతినెలా కొద్దిగా మార్చాను. వాయువు లెక్కలూ అలాగే కల్పించాను. ఆ ఏడు నెలలు గనిలోకి దిగిన వందలమంది ప్రాణాలను నా పెన్ను ములికి మీద నిలబెట్టాను. ఏమీ జరగలేదంటే అది వాళ్ల అదృష్టం, నా మంచితనం కాదు.

సానుభూతితో చేశాననుకుంటావు. మీ అమ్మ కూడా అలాగే అనుకుంటుంది, నిన్న రాత్రి భోజనం దగ్గర ఇంతవరకే చెప్పాను కాబట్టి. మిగతాది నీకే మొదట చెబుతున్నాను.

ఫిబ్రవరి పద్నాలుగున ఆయన నిజంగానే తొమ్మిదో బోరు దాకా వెళ్లి సీసా తెచ్చాడు. తలకిందులు చేసి చూశాను. లోపల ఆవగింజంత గాలిబుడగ. బుడగ ఉన్న సీసా చెల్లదన్న నిబంధన రాసింది నేనే.

"ఇదొక్కసారికి వదిలెయ్యవే. కాళ్లు ఆడటం లేదు" అన్నాడు నెమ్మదిగా.

గదిలో ఇద్దరు కొత్త ఉద్యోగులున్నారు. మొగుడికి ఒక న్యాయం, ఊరికి ఒక న్యాయమా అనుకుంటారని, "నిబంధన అందరికీ ఒకటే" అన్నాను. ఆయన ఖాళీ సీసా తీసుకుని మళ్లీ దిగాడు. రెండు విడతలూ కలిపి ఆ రోజు ఆయన నడిచింది 7,360 మీటర్లు. సాయంత్రం రెండో సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. బుడగ లేదు. అదే మాట రిజిస్టరులో రాశాను, కావాలంటే చూసుకో.

ఆ రోజు తర్వాత ఆయన ఆ సొరంగం చివరిదాకా నడవలేదు. నడవలేనని నాతో అనలేదు. అంటే నేనేమంటానో ఆయనకు తెలుసు మరి.

నవంబరులో ఆసుపత్రిలో, పోవడానికి రెండు రోజుల ముందు, "నీళ్లు బాగానే ఉన్నాయా?" అని అడిగాడు. "బాగున్నాయి. ఆరువేల రెండువందలు" అన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను నమ్మానని ఊరట పడ్డాడో, నాకు తెలిసిపోయిందని సిగ్గుపడ్డాడో, ముప్పయ్యొక్క ఏళ్లుగా ఆలోచిస్తున్నాను. తేలలేదు. ఇక తేలదు.

నువ్వు నాలుగేళ్లు పడ్డ కష్టం మీద నీళ్లు పోశాను. క్షమించమని అడగను, అడిగితే నువ్వు క్షమించేస్తావు, అంత తేలిగ్గా తీరే పని కాదిది. మిగిలిన నాలుగు సీసాలు, అంతకు ముందు ఏడాది నవంబరు నుంచి ఆ ఫిబ్రవరి వరకు, నికార్సైనవి. వాటిలో పెద్దగా ఏమీ లేదు, చుక్కకు పది పదిహేను జీవులు కదలకుండా పడి ఉన్నాయి, చచ్చినట్టే అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. పిచ్చుకా, నీ అసలు జీవులు అవే. కరువులో బతికేవి అలాగే ఉంటాయి. దండిగా ఉన్నవి పంపు గుంటవి.

ఇప్పుడు జరగవలసినవి, వరుస తప్పకుండా:

1. ఈ ఉత్తరం అన్ని పేజీలూ మీ ప్రొఫెసరుగారికి చూపించు. ఫిబ్రవరి సంగతి దాచవద్దు. పదో తారీకు ప్రకటన ఆపించు.

2. మార్చి నుంచి సెప్టెంబరు వరకు ఉన్న ఏడు సీసాల మీద "పంపు గుంట నీరు" అని చీటీ అంటించి, కింద నా పేరు రాయి, తాతయ్యది కాదు.

3. ఆ జీవికి ఆయన పేరు పెట్టవద్దు.

4. గని యాజమాన్యానికి నేను విడిగా రాశాను. వాళ్లు ఏమి చేసినా అడ్డుపడవద్దు. మీ అమ్మను కూడా అడ్డుపడనివ్వవద్దు.

5. ఇరవై ఆరో తారీకులోగా రా. పంపు మేస్త్రితో మాట్లాడాను. ఇరవై ఎనిమిది వరకు లిఫ్టు నడుస్తుంది, అనుమతి కాగితం తెచ్చిపెడతానన్నాడు. తొమ్మిదో బోరు నీళ్లు నువ్వే స్వయంగా పట్టు. అది ఆఖరి అవకాశం.

6. ఒంటరిగా దిగవద్దు. ప్రతి మూడు వందల మీటర్లకు కూర్చో.

7. నడవలేకపోతే, ఎంత దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరుగు. రిజిస్టరు తెరిచి, తేదీ వేసి, "ఈసారి నీళ్లు తేలేదు" అని రాయి. నేను సంతకం చేస్తాను.

ఇట్లు,
మీ అమ్మను కన్న తల్లి,
నీ అమ్మమ్మ