ఎవరూ పిలవని ఫైలు

నాన్నకు,

నేను క్షేమం. మీరందరూ క్షేమమనీ, అక్క కూతురు మూడు కిలోలకి పిసరంత తక్కువగా పుట్టిందనీ నీ ఉత్తరం మొదటి పేజీ వల్ల తెలిసింది. తక్కిన మూడు పేజీలూ నన్ను గురించే కాబట్టి ముందు వాటి సంగతి చూస్తాను.

పురిటికి వస్తానని రెండుసార్లు మాటిచ్చి రాలేదు గనక నాకు తలపొగరని అక్క అంది. దానికి మనుషులకంటే మిషన్లే ముద్దని బావ అన్నాడు. నాకింకా పెళ్లి కాలేదన్న కుళ్లేమోనని పిన్ని అందట. ఆ సంగతి అమ్మ కాగితం అంచున చీమతలకాయలంత అక్షరాలతో ఎక్కించి, “నేననలేదు, పిన్ని అంది” అని కింద గీత కూడా గీసింది. నువ్వేమో అందరి నోళ్లూ మూయించానని రాశావు. “నా చిన్నది మొండిదే గానీ అబద్ధమాడదు. సెలవు దొరకలేదందంటే దొరకలేదనే” అన్నావట.

నాన్నా, ఆ ఇంట్లో నన్ను సరిగ్గా చదివినవాళ్లు ఇంతవరకు లేరు. తిట్టినవాళ్లూ తప్పే చదివారు, వెనకేసుకొచ్చిన నువ్వూ తప్పే చదివావు. సెలవు దొరికింది. పదిహేను రోజులు. మంజూరు కాగితం నా సంచిలోనే ఉంది.

ప్రెస్సులో ముప్ఫై ఏళ్ల మోతకి నీకు ఫోను వినపడదు. అమ్మకి చెబుదామా అంటే, ఏ మాటయినా ఆవిడ చేతిలో పడి నీ దాకా వచ్చేసరికి మెత్తబడిపోతుంది. ఇది మెత్తబడకూడదు. అందుకే రాస్తున్నాను.

పన్ను నొప్పి తగ్గిందా అని అడిగావు. పన్నే పీకించాను. గదిలో పైకప్పు కారడం ఆగిందా అన్నావు. ఆగలేదు, బకెట్టు జరిపాను. కింద ఇస్త్రీ షాపు ఆవిరి మెట్లెక్కి వచ్చి నా గుమ్మంలో నిలబడుతుంది. ఈ చలికి అదీ మేలే. వండుకుంటున్నానా అని అమ్మ అడిగింది. వండుకుంటున్నాను, తినడమే కుదరడం లేదు.

ఇక అసలు ప్రశ్న. మీ చిన్నమ్మాయి ఏం పని చేస్తుందని మీ బైండరు అడిగితే “కంప్యూటరు” అని ఊరుకున్నానని రాశావు. ఆయనకి చెప్పినా చెప్పకపోయినా నీకు మాత్రం చెప్తాను. అది తెలియకపోతే తర్వాతది అర్థం కాదు.

ఒక పుస్తకం అచ్చయి, బైండయి ఉందనుకో. రాతప్రతి పోయింది. రాసినాయన ఎటు వెళ్లాడో తెలియదు. పుస్తకాన్ని మాత్రం రోజూ వాడుతున్నారు. మేం చూసే కంటి ఆసుపత్రి ప్రోగ్రాం అలాంటిది. పదిహేనేళ్ల కిందట ఎవరో రాశారు. మనిషి చదవగలిగే రాత ఇప్పుడు లేదు, మిషను చదివే అచ్చే మిగిలింది. దాన్ని కొత్త సర్వరులోకి మార్చేముందు పనికిరాని ఫైళ్లు ఏరి తీసెయ్యాలి. నల్లటి తెరమీద ఒక్క లైను టైపు చేస్తే, ఒక టూలు ఆ అచ్చు ఫైళ్లన్నిటినీ విప్పి చూసి, ఏది దేన్ని పిలుస్తోందో జాబితా ఇస్తుంది. బొమ్మలుండవు, రంగులుండవు, వరసగా పేర్లే. “నలభయ్యో పేజీ చూడు” లాంటి మాటలు పుస్తకంలో ఎక్కడెక్కడున్నాయో ఏరినట్టన్నమాట. ఏ పేజీని చూడమని ఎవరూ అనలేదో ఆ పేజీ చించెయ్యొచ్చు.

ఒక్క చిక్కుంది. ఎవరైనా గోడకి చీటీ అంటించి, “నెలకోసారి ఫలానా పేజీ తియ్యండి” అని రాసిపెడితే టూలుకి అది కనపడదు. అది పుస్తకాన్నే చూస్తుంది, గోడని చూడదు. అందుకని మా దగ్గర ఒక పద్ధతి పెట్టారు. ఎవరూ పిలవడం లేదని టూలు చెప్పిన ప్రతి ఫైలుకీ, ఆసుపత్రికి నడిచి వెళ్లి, అక్కడ పనిచేసేవాళ్లని నోరు తెరిచి అడగాలి. ఆ తర్వాతే మా పైఆవిడ సంతకం. ఆవిణ్ని మేం హెడ్మాస్టరు అంటాం. చాటుగా మొదలుపెట్టాం, ఇప్పుడు ఎదురుగానే అంటాం. ఎర్రపెన్ను, ముక్కు కొసన కళ్లజోడు, కామా తప్పినా వదలదు.

నా జాబితాలో పంతొమ్మిది ఫైళ్లు వచ్చాయి. ఆవిడ సంతకం పెట్టింది. తీసేశాం. ఏదీ ఆగలేదు, ఎవరూ ఫోను చెయ్యలేదు. ఎనిమిది నెలలు హాయిగా గడిచాయి.

పంతొమ్మిదోది ఉత్తరాలు అచ్చువేసే ఫైలని ఆ తర్వాతే బయటపడింది. ఫోను లేని రోగులకి, కంట్లో ఒత్తిడి చూపించుకునే రోజు వచ్చిందని మూడు నెలలకోసారి కబురు పంపేది. రికార్డుల గదిలో ఒక పాత కంప్యూటరు ప్రతి నెలా మొదటి తారీకున దాన్ని పేరుపెట్టి లేపేది. గోడమీద చీటీ అంటే అదే. ఉత్తరాలు రావడం మానేస్తే అక్కడి గుమాస్తా ఏమనుకున్నాడో తెలుసా? “కొత్త పద్ధతి కదా, పైవాళ్లే ఆపేశారనుకున్నానండీ” అన్నాడు. మొత్తం ఇరవై ఆరుగురు. కంట్లో ఒత్తిడి పెరిగితే నొప్పి ఉండదట నాన్నా. చూపుని అంచుల నుంచి కొరుక్కుంటూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు.

ఇరవై ఐదుగురు ఎలాగో గట్టెక్కారు. ఒకావిడ గట్టెక్కలేదు. దర్జీ షాపులకి కాజాలు కుట్టే ఆవిడ. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంట్లో నడిమధ్య ఒక కంతంత చూపు మిగిలింది. చిరునామా పట్టుకుని నేను వెళ్లాను. గుమ్మంలో కూర్చుని, డబ్బాలోని బొత్తాలు వేళ్లతో తడిమి సైజుల ప్రకారం వేరుచేస్తోంది.

“ఎవరమ్మా?”

“ఆసుపత్రి పని మీద వచ్చానండీ.”

“ఉత్తరం తెచ్చావా?”

“లేదండీ. ఇన్నాళ్లూ మీరెందుకు రాలేదో కనుక్కుందామని.”

“పిలిస్తే రానా? ఉత్తరం రాలేదు. ఇంక పిలవడం లేదంటే బాగయిపోయిందనుకున్నా. పక్కింటావిడతో చెప్పుకుని మురిశాను కూడా.”

“మరి మసకగా అనిపించలేదా?”

“అనిపించింది. బల్బు పాతదైపోయిందని మార్చాను. రెండుసార్లు మార్చాను తల్లీ. షాపువాడు మోసం చేస్తున్నాడని తగువు కూడా పెట్టుకున్నా, పాపం.” నవ్వింది. “టీ తాగుతావా? పాలు పొంగేటప్పుడు కాస్త చెప్పు, అదొక్కటే నాకు తెలియడం లేదు.”

పాలు పొంగుతున్నాయని చెప్పాను. టీ తాగి వచ్చేశాను.

మర్నాడు మీ దగ్గరికి బస్సెక్కాలి. సంచి సర్దుకున్నాను కూడా. పసిపిల్ల కళ్లు తెరిచింది, దీపం వైపు చూస్తోంది అని మీరంతా మురుస్తుంటే ఆ మధ్యలో నేను నిలబడలేననిపించింది. సర్దింది విప్పేశాను. పొగరూ కాదు, కుళ్లూ కాదు.

విచారణ అప్పటికే మొదలైంది. హెడ్మాస్టరు లేచి, “సంతకం నాది, తప్పు నాది” అని కూర్చుంది. ఆవిణ్ని పని నుంచి పక్కన పెట్టారు. రిటైరవడానికి పది నెలలుంది. తీసేస్తారనే అంటున్నారు. నేను ఆరు వారాలుగా నా కుర్చీలోనే కూర్చుని అదే పని చేస్తున్నాను.

ఇంతవరకు రాశాను గదా, ఇప్పుడు రాయక తప్పదు. పద్దెనిమిది ఫైళ్లకే నేను అడిగాను. పంతొమ్మిదోదానికి వెనక భవనంలోని రికార్డుల గది దాకా పోవాలి. శుక్రవారం సాయంత్రం, వాన. టూలు చెప్పింది కదా అనుకున్నాను.

“టూలు మాట సరే, మనుషులేమన్నారు?” అని హెడ్మాస్టరు అడిగింది.

“అక్కర్లేదన్నారండీ.”

“అన్నిటికీ అడిగావా?”

“అన్నిటికీ అడిగాను.”

తడబడకుండా అన్నాను నాన్నా. నీ కూతురు అబద్ధమాడదని నువ్వు ఊరందరికీ చెప్పుకుంటున్న ఆ నోటితోనే.

పోయిన ఆదివారం హెడ్మాస్టరు ఇంటికి వెళ్లాను. వరండాలో కుర్చీ తలకిందులు చేసి, ఊగుతున్న కాలికి మేకు కొడుతోంది.

“నేను అడగలేదండీ ఆ రోజు” అన్నాను.

“తెలుసు.” మేకులు పళ్ల మధ్య పెట్టుకునే అంది. “ఆ రోజే తెలుసు. వానలో అంతదూరం పోయొచ్చిన పిల్ల చెప్పులు పొడిగా ఉంటాయా?”

“మరెందుకు పెట్టారు సంతకం?”

“నాకూ ఇంటికి పోయే తొందరే. శుక్రవారం నీ ఒక్కదానికేనా వచ్చేది?” సుత్తి కింద పెట్టింది. “నోరు మూసుకుని పని చేసుకో. ఇద్దరం పోతే ఆ ప్రోగ్రాం ఎవరు చూస్తారు? నాకు పది నెలలు. నీకింకా ముప్ఫై ఐదేళ్ల ఉద్యోగం ఉంది. ఈ మచ్చ పడితే నిన్నింకెవరూ తలుపు లోపలికి రానివ్వరు.”

“మీకు మాత్రం?”

“నాకు కుర్చీలున్నాయి బాగుచేసుకోవడానికి.” నవ్వబోయింది గానీ రాలేదు. చివరికి, “పో, మళ్లీ రాకు” అంది. మెట్లు దిగుతుంటే మేకు కొట్టిన చప్పుడు వినపడుతుందేమోనని ఆగాను. వినపడలేదు.

అక్కకి ఈ ఉత్తరం చూపించు. బావకీ పిన్నికీ చూపించాలా వద్దా అన్నది నీ ఇష్టం. అమ్మ ఏడుస్తుంది, ఏడవనివ్వు. వెంటనే బయల్దేరి రమ్మన్నావు. రాను.

బుధవారం పదకొండింటికి విచారణ మళ్లీ ఉంది. పంతొమ్మిదో ఫైలుకి నేను ఎవరినీ అడగలేదనీ, అడిగానని అబద్ధం చెప్పి సంతకం పెట్టించాననీ రాసి, నా పేరు పెట్టి ఇస్తున్నాను. అక్కణ్నుంచి కాజాలు కుట్టే ఆవిడ ఇంటికి వెళ్లి, ఆవిడకీ అదే చెప్తాను.

ఇట్లు,
నీ చిన్నది