కొవ్వు పట్టని పిల్లలు

హైదరాబాద్,
ఆగస్టు 1, 2019

పెద్దనాయినకు మల్లిక దండాలు.

ఫోన్‌లో నీకు సగమే వినబడుతోందని పెద్దమ్మ చెప్పింది, అందుకే ఉత్తరం. సూక్ష్మజీవుల ల్యాబులో నా పరిశోధన మొదలైంది. బాసిల్లస్ జాతివి పెంచుతున్నాను. ఇక్కడ అందరం వాటిని మా పిల్లలనే అంటాం. చక్కెర, ఎదగడానికి బలం, అన్నీ పెడుతున్నాను. గబగబా పెరుగుతున్నాయి గానీ, ఒంట్లో కొవ్వు చేరడం లేదు. నాకు కావలసింది ఆ కొవ్వే. నెలాఖరుకల్లా కనబడకపోతే వేరే పని చూసుకొమ్మంది మేడమ్. రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

నీ బిడ్డ,
మల్లిక

తా.క. పొద్దున ఉన్నవి సాయంత్రానికి ఎన్ని రెట్లవుతున్నాయో లెక్కే లేదు. అదొక్కటే సంతోషం.

*

కల్వకుర్తి మండలం,
ఆగస్టు 5

బిడ్డ మల్లికకు పెద్దనాయిన ఐలేశం దీవెనలు.

ఫికర్ చెయ్యకు. నలభై ఏండ్ల సంది గొర్లు కాస్తున్న, గీ ముచ్చట నాకిడువు. బాసిల్లస్ జాతి నేనెన్నడు ఇనలే, గని పిల్ల ఏ జాతిదైనా పిల్లే. నువ్వు తీపితోని పాటు పల్లిచెక్కసొంటి బలం గూడ పెడుతున్నట్టున్నవు. గట్లయితే తిన్నదంత ఎదుగుడుకే పోతది. బలం బందు వెట్టు. తీపి మాత్రం కడుపునిండ పెట్టు. ఎదగరాక, తిన్నది ఏడ పెట్టుకోవాల్నో తెల్వక కొవ్వు జేసుకుంటయి.

ఇట్లు,
ఐలేశం

తా.క. ఒక్క పూటల అన్ని రెట్లా! మా దగ్గర గొర్రె ఈనాలంటే అయిదు నెలలు. ఒక జత బస్సుల పంపు.

*

ఆగస్టు 12

పెద్దనాయినకు వేయి దండాలు.

నువ్వు చెప్పినట్లే ఆ బలం, అంటే నత్రజని, ఆపేసి చక్కెర ఒక్కటే పెట్టాను. మూడో రోజు నల్లరంగు వేసి చూస్తే ఒక్కోదాని కడుపులో కొవ్వు ముద్దలు! మేడమ్ తన కళ్లను తానే నమ్మలేదు. ఇక వాటిని పగలగొట్టి, కొవ్వు తీసి, దానితో కవర్లు చేస్తాం.

సంతోషంతో,
మల్లిక

తా.క. జత పంపమన్న నీ జోకుకు ల్యాబంతా నవ్వింది. జతేంటి, సీసా నిండా పంపిస్తాను.

*

ఆగస్టు 16

మల్లికకు,

నీ ఉత్తరం చదివినంక మీ పెద్దమ్మ జానమ్మ పొయ్యి ముట్టియ్యలే. పిల్లలకు నల్లరంగు పూసి, పగలగొట్టి, సీసాల పెడ్తవా? మనం పొట్టేలును కోస్తం, అబద్ధమెందుకు. గని గిట్ల ఎవ్వలు జెయ్యరు. మల్ల కవర్లట! మొన్న ఎండకాలం సూడిగొర్రె సచ్చిపోతే దాని కడుపుల నుంచి బుట్టెడు కవర్లు ఎల్లినయి. నా పక్కన నిలబడి ఏడ్సింది నువ్వే గదా? మంగళారం వస్తున్న. మిగిలినయి నాకియ్యి, నేను సాదుకుంట.

ఐలేశం

తా.క. వాటికి తుమ్మకాయలు తెస్తున్న. నేనొచ్చెదాక పస్తులుంచకు.

*

ఆగస్టు 23

పెద్దనాయినకు దండాలు.

మంగళవారం గేటు దగ్గర తుమ్మకాయల సంచితో నిలబడి "ఏవి, పిల్లలేవి?" అని నువ్వడిగేదాకా నాకు విషయం అర్థం కాలేదు. నవ్వినందుకు ఏమనుకోకు. సూక్ష్మదర్శినిలో చూసి "గింతేనా! గింత దానికి మీ పెద్దమ్మ రెండొద్దులు ఏడ్సింది" అన్నావు. ఆ కొవ్వుతో చేసే కవరు మట్టిలో కలిసిపోతుందని, మన సూడిగొర్రె కోసమే ఈ పని ఎంచుకున్నానని చెబితే తువ్వాలతో మొహం తుడుచుకున్నావు.

ఇప్పుడొక వింత. నువ్వు వెళ్లిన మర్నాడు ఒక సీసాలోని వాటికి కొవ్వంతా మాయం! దాచుకున్నది కరిగించుకుని మళ్లీ పెరుగుతున్నాయి. నేను హడలిపోయాను. మేడమ్ మాత్రం సంబరపడింది. "కొరతలో దాచుకున్నది బలం దొరకగానే వాడుకున్నాయి. ఇదే మనం చూపాల్సిన రెండో సగం. నువ్వెక్కడికీ పోనక్కరలేదు. ఇంతకీ ఏం వేశావు?" అంది.

నేనేమీ వేయలేదు!

నీ బిడ్డ,
మల్లిక

తా.క. మిగతా సీసాలు భద్రంగానే ఉన్నాయి. అదే అంతుపట్టడం లేదు.

*

ఆగస్టు 27

బిడ్డ మల్లికకు దీవెనలు.

తప్పు నాదే. నువ్వు చాయ్ తెస్తనని పోయినప్పుడు ఆ సీసా దిక్కు చూసిన. కండ్లకు ఆనకపోతేంది, పానమున్నయి గదా. బలం బందు వెట్టుమన్నది గూడ నేనేనాయె. మనసు ఒప్పలే. నా టిఫిన్ గిన్నెల ఉలువచారు మిగిలుంటే రెండు చెంచాలు పోసి మూత వెట్టిన. మేడమ్‌కు నువ్వే చెప్పు, నాకు శరమైతాంది.

మీ పెద్దనాయిన,
ఐలేశం

తా.క. "చారు ఎట్లున్నదన్నయి?" అని మీ పెద్దమ్మ అడుగుతాంది. ఉప్పెక్కువైందని మాత్రం రాయకు.