నాది కాని కుట్టు

జూన్ 4

మా ఆయన తోలే ట్రైలర్ లారీ మధ్యాహ్నం యార్డుకి చేరింది. తడిసిన టార్పాలిన్లు తెచ్చి నా షెడ్డులో పడేశారు. వెనక టార్పాలిన్ మూల మీద నేనెప్పుడో వేసిన అతుకు ఉండాలి. ఉంది. దాని మీద ఇంకో అతుకు ఉంది. ఆ కుట్టు నాది కాదు.

చూసి కాదు, వేలికి తగిలి తెలిసింది. నా కుట్టు ఏటవాలుగా పోతుంది. ఇది తిన్నగా, దగ్గర దగ్గరగా ఉంది, ముడులు లోపలికి దాచారు. ఎవరో మనసు పెట్టి కుట్టారు. మగవాళ్లకి అంత ఓపిక ఎక్కడిది?

ఈ యార్డులో టార్పాలిన్లు కుట్టేది నేనొక్కదాన్నే. ఓనరు బయట కుట్టించడు, ఆయన చేతిలోంచి పైసా రాలదు. మా ఆయన్ని అడిగాను. దారిలో చిరిగితే ఎవరో కుట్టారని చెప్పి స్నానానికి పోయాడు.

జూన్ 5

ఎవరో అంటే ఎవరు?

జూన్ 7, పొద్దున

షెడ్డులో బల్బు మార్చమంటే ఎలక్ట్రీషియన్ కొత్తది పెట్టాడు. పాతదానికన్నా గుడ్డిది. మంచిది వాళ్లింట్లో పెట్టుకుని ఉంటాడు. దారం కొట్టువాడు దారం సన్నం చేశాడు. దబ్బనాలు చేసే కంపెనీ బెజ్జాలు చిన్నవి చేసింది. ఈ ఏడాది డైరీలో గీతలు కూడా అచ్చయ్యీ అవనట్టున్నాయి. ఎక్కడ చూసినా మోసమే.

ఓనరు రెండు రకాల టార్పాలిన్ ముక్కలు తెచ్చి ఏది కొందామన్నాడు. ఒకటి పల్చటి ప్లాస్టిక్, చేత్తో లాగితే సాగింది. రెండోది మందం కాన్వాస్. బస్తాల లోడుకి పల్చనిది చాలు, ఇనుప మూలలున్న మిషన్లకి మందం లేకపోతే మొదటి మలుపులోనే చీరుకుపోతుందని చెప్పాను. పల్చనిది తేలికే కదా, మోయడానికి సుఖం అన్నాడు. అమ్మేవాడు ఓనరుకి టీ పోయించి ఉంటాడు.

జూన్ 11

ఈయన వచ్చాడు. బొటనవేలి మీద, చూపుడువేలి మీద గాట్లు. అన్నం పెడుతుంటే చేతికి గరుగ్గా తగిలాయి. తాడు కోసుకుందట. తాడు కోసుకుంటే గీత పడుతుంది, పొడుచుకున్నట్టు చుక్కలు పడవు. ఆ మాటే అంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఈయన నిద్రపోయాక క్యాబిన్ ఎక్కి టూల్ బాక్స్ తెరిచాను. స్పానర్ల కింద గుడ్డలో చుట్టి ఒక దబ్బనం, మైనం పట్టించిన దారం ఉండ. నేను కొనే కొట్టు దారం కాదు. ఎవరో ఇచ్చింది.

పర్లేదు అన్నయ్య అని ఇంకో ట్రైలర్ డ్రైవరున్నాడు. ఇల్లు కాలుతున్నా పర్లేదంటాడు, అందుకే ఆ పేరు. ఆయన్ని నిలదీశాను. మీ ఆయన దారిలో వంతెన ఇవతల టార్పాలిన్ కొట్టు దగ్గర ఆగుతుంటాడు, ఒక్కోసారి రెండు మూడు గంటలు కూడా అన్నాడు. కొట్టు ఎవరిదంటే ఒకావిడదన్నాడు. చెప్పేసి నాలిక్కరుచుకుని, పర్లేదమ్మా అన్నాడు.

ఆ పర్లేదు విన్నాక ఇంకేమీ అడక్కుండా వచ్చేశాను.

జూన్ 12

అన్నం తింటూ ఈయన కూర బావుందని ఒక్కసారి అన్నాడు. ఎందుకన్నాడో?

జూన్ 14

పెద్ద ప్రెస్ మిషన్ లోడు వచ్చింది. కొత్త మిషన్, లోపలంతా కరెంటు సామాను. దారి పొడుగునా వానలట. లోపలికి చుక్క నీరు పోయినా ఆ డ్రైవరు తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికి పోవాల్సిందేనని ఓనరు అందరి ముందూ చెప్పాడు. వేరే డ్రైవర్లు నేల చూపులు చూశారు. మా ఆయన నేను తీసుకెళ్తానన్నాడు.

ఆ మొండితనం చూస్తే ఒళ్లు మండింది. వేరే ఆవిడ అతుకుల్ని నమ్ముకుని వెళ్తాడు కాబోలు. మూలలకి పాత టైరు ముక్కలు కట్టాలి. టార్పాలిన్ గాలికి కొట్టుకోకుండా బిగించాలి. ముందు వెనకది పరిచి, దాని అంచు మీదికి వచ్చేలా ముందుది పరవాలి, లేకపోతే ఎదురుగాలి సందులో దూరి వాననీ లోపలికి లాక్కుపోతుంది. ఇవన్నీ ఆవిడకి తెలుసా? తెలిసే ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది.

రేపు ఆయన టార్పాలిన్లన్నీ తడిమి, ఆ కుట్టున్న అతుకులన్నీ పీకేసి నావి వేస్తాను. ఆయన వెళ్లేది నా కుట్టుతోనే.

జూన్ 15, సాయంత్రం

పీకాను. ఎండలో, గేటు పక్కన కూర్చుని పీకాను.

కింద నా అతుకు ఉంది. ఒక పక్క దారం అతుకులోంచి దిగి మళ్లీ అతుకులోకే వచ్చింది. కిందనున్న టార్పాలిన్‌ని పట్టుకోనే లేదు. చిరుగు చిరుగులాగే ఉంది, బొటనవేలు దూరింది. ఇంకోటి పీకాను. అదీ అంతే. మూడోదీ, నాలుగోదీ అంతే.

ఈయన వచ్చి పక్కన కూర్చున్నాడు. చెప్పాడు. చలికాలంలో ఒకసారి లోడు తడవబోయిందట. అప్పట్నుంచి నేను కుట్టి ఇచ్చినవన్నీ దారిలో ఆపి చూసుకుంటున్నాడట. ఆ కొట్టావిడ ముసలామె, ఈయనకి కుట్టు నేర్పిందట. పర్లేదు అన్నయ్య టార్పాలిన్లూ ఈయనే సరిచేస్తున్నాడట. ఓనరుకి తెలిస్తే షెడ్డు నా చేతిలోంచి పోతుందని ఇద్దరూ నోరు మూసుకున్నారు. నాతో చెబితే బల్బు మీద, దారం మీద పోట్లాడతానని భయపడ్డాడట.

నాకు ముందు కోపమే వచ్చింది, అబద్ధం ఎందుకు రాయాలి. ఇన్నాళ్లూ నన్ను చిన్నపిల్లని చేశారని అరిచాను. ఆయన నా కుడి కన్ను చేత్తో మూసి గేటు మీది బోర్డు చదవమన్నాడు. మసగ్గా చదివాను. ఎడమది మూశాను. బోర్డు లేదు, గేటూ లేదు.

ఊళ్లో అందర్నీ అనుమానించాను. నా కళ్లని అనుమానించలేదు.

జూన్ 16

దబ్బనం ఆయన పట్టుకున్నాడు. నేను వేలితో తడిమి ఎక్కడ వదులైందో చెప్పాను. ఒక మూల రెండుసార్లు విప్పించాను. విసుక్కున్నాడు, విప్పాడు. కట్లన్నీ బిగించాక ట్రైలర్ చుట్టూ చెయ్యి ఆనించుకుంటూ తిరిగాను. పాత సంగతి ఏదీ ఎత్తలేదు. కొట్టావిడ వయసెంతని మాత్రం ఇంకోసారి అడిగాను.

జూన్ 25

తను చెబుతుంటే నేను రాస్తున్నాను. నిన్న ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, కట్టు ఉంది. వెనక పేజీలు తిప్పనని ఒట్టు వేయించుకుంది. మిషన్ పొడిగా చేరిందని రాయమంది. చేరింది. కట్టు విప్పాక రెండో కంటికి కూడా చేయించుకుని షెడ్డులోకి పోతానని రాయమంది. రాశాను. రాసిందంతా చదివి వినిపించమంటే వినిపించాను.

ఇది వినిపించను. కుడి కంటి నరం చచ్చిపోయింది, ఆపరేషన్‌తో రాదని డాక్టరు నాతో చెప్పాడు. ఇంకా తనకి చెప్పలేదు.

ఇంతసేపూ ఏం రాస్తున్నారని అడుగుతోంది.