ట్రాన్స్‌మిటర్ దారి తప్పిన నిమిషం

ఏప్రిల్ 7
ఈరోజూ ఒంటిగంటకే. లాక్ దీపం ఆరింది, ట్రాన్స్‌మిటర్ తనంతట తానే నోరు మూసుకుంది. ఓర్వకల్లు ఎండకు మా రేడియో స్టేషన్ రేకుల గది పెనంలా కాలుతోంది. చల్లబడితే మళ్లీ పలుకుతుంది… మూడు రోజులుగా ఇదే.

ఏప్రిల్ 8
పెట్టె విప్పాను. లోపలి ఆసిలేటర్ మా స్టేషన్ తరంగాన్ని, 106.8 మెగాహెర్ట్జ్‌ని, పుట్టిస్తుంది. దాన్ని 1068తో భాగించి, నిలకడగా ఉండే క్రిస్టల్ కొలతతో పోలుస్తుంది సర్క్యూట్. వెనకబడితే వోల్టేజీ పెంచి తోస్తుంది, ముందుకు పోతే తగ్గించి లాగుతుంది. రెండూ కలిసి అడుగేస్తున్నంతసేపే ఆ లాక్ దీపం వెలుగుతుంది. అది ఆరితే ఒక తీగ ప్రసారాన్ని ఆపేస్తుంది. వేడెక్కాక ఎక్కడో తెగుతోంది. ఎక్కడో దొరకడం లేదు.

ఏప్రిల్ 9
మద్దమ్మ వచ్చింది. మిరపకాయలు తెంపే కూలీల ముఠాకు మేస్త్రి. పోయిన వారం ఆమె తోడికోడలు చేలోనే వడదెబ్బకు పడిపోయింది. ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. తెల్లారే పని మొదలుపెట్టి పదికల్లా వదలమని రైతులకు రేడియోలో చెప్పుకోవాలట. అందరూ సద్ది విప్పే ఒంటిగంటకే చెప్పాలట.

స్టేషన్ నడిపే ఓబుళరెడ్డి ఆమెను రేపే రమ్మన్నాడు. దీపం సంగతి గుర్తుచేశాను.

"నోరు మూయించే ఆ తీగ పీకేయ్ మేడం. ఇరవై నిమిషాలకు ఏమైతాది?"

ఏప్రిల్ 10
పీకాను. నా చేత్తోనే.

ఆరో నిమిషంలో, పక్కన పెట్టుకున్న చిన్న రేడియోలో మద్దమ్మ గొంతు పోయి బుస్సుమంది. మీటరు చూస్తే వోల్టేజీ పై అంచున ఉంది. భాగించిన లెక్క వెనక్కి అందక, ఆసిలేటర్ వెనకబడిందనుకుని పైకి తోస్తూనే ఉంది సర్క్యూట్. 108 దాటితే విమానాలకు దారి చూపే సంకేతాలు. విమానాశ్రయం ఇక్కడికి కూతవేటు. మెయిన్ స్విచ్ దించేశాను. ఎంతసేపైంది — నలభై సెకన్లా? నిమిషమా?

స్టూడియోలో మద్దమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది. ముగించి బయటికొచ్చి అడిగింది: "నా మాట యాడిదాకా పోయింటాది, మేడం?"

నీళ్లు తాగమని గ్లాసు ఇచ్చాను. ఛీ.

ఏప్రిల్ 11
దొరికింది. భాగించే చిప్ కాలి దగ్గర టంకం పగిలింది, వెంట్రుకంత. వేడికి విచ్చుకుంటోంది. మళ్లీ టంకం పెట్టి, తీగ తిరిగి కలిపాను. సాయంత్రం దాకా దీపం ఆరలేదు.

ఎవరికీ తెలియదు, గమ్మునుండమంటాడు ఓబుళరెడ్డి.

ఏప్రిల్ 12
విమానం చప్పుడైతే చాలు, బయటికొచ్చి నిలబడుతున్నాను.

ఏప్రిల్ 13
విమానాశ్రయానికీ, లైసెన్సు ఇచ్చినవాళ్లకూ జరిగింది జరిగినట్టు రాశాను. సంతకం నాదే. తీగ ఎవరు పీకమన్నారో రాయలేదు… పీకింది నేనే కదా.

"స్టేషన్ మూస్తారు, తెలుసునా నీకు?" అన్నాడు ఓబుళరెడ్డి.

మద్దమ్మకూ చెప్పాను — ఆమె మాట ఆరు నిమిషాలే పోయిందని. కొంగు నడుముకు దోపుకుని పనికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 15
లైసెన్సు వాళ్ల దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆఫీసర్లు వచ్చి కొలిచేదాకా ట్రాన్స్‌మిటర్ వేయకూడదు. ఎప్పుడొస్తారో చెప్పలేదు. ఆ సమయంలో విమానం ఏదైనా దిగుతోందా అని అడిగాను. చూస్తున్నామన్నారు, అంతే.

మధ్యాహ్నం మద్దమ్మ వాకిట్లో ఆగింది. రేడియో ఎప్పుడు పలుకుతుందని అడిగితే సంగతి చెప్పాను.

"మీ ఆఫీసర్లు వచ్చేదాకా ఎండ ఆగుతాదా మేడం?"

రైతుల ఇల్లిల్లూ తిరిగి తానే చెబుతుందట. నన్ను రమ్మనలేదు. చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్లాను, తిరిగొచ్చి ఇది రాస్తున్నాను. కిటికీలోంచి ఆమె కనిపిస్తూనే ఉంది, ఇంకా మలుపు దాటలేదు, ఇప్పుడు బయల్దేరినా అందుకుంటాను…